రింగు మూసుకునేటప్పుడు బయటికి పోయేదేమిటి? – నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నోట్‌బుక్ మొదటి పేజీలో నాలుగు బొమ్మలు గీశాను. నాలుగింటిలోనూ అటూ ఇటూ ఒక్కో బెంజీన్ రింగు ఉంటుంది. తేడా అంతా మధ్యలోనే. మధ్యలో రెండు ఆక్సిజన్లుంటే డైఆక్సిన్. ఆ రెండింటి చోట రెండు నైట్రోజన్లుంటే ఫెనజీన్. ఒకటి ఆక్సిజన్, ఒకటి నైట్రోజన్ అయితే ఫినాక్సజీన్. ఒక పక్క నైట్రోజన్ ఉండి, రెండో పక్క కార్బన్లు నేరుగా అతుక్కుంటే కార్బజోల్. డైబెంజోఫ్యూరాన్‌లో ఆక్సిజన్ తీసి నైట్రోజన్ పెడితే వచ్చేది ఇదే.

చుట్టూ క్లోరిన్లో బ్రోమిన్లో చేరితే వీటిలో కొన్ని డైఆక్సిన్లలాగే ప్రవర్తిస్తాయి. ఒళ్లంతా బల్లపరుపుగా ఉండటం, కొవ్వులో కరగడం, త్వరగా విరిగిపోకపోవడం, కణంలోని ఆరిల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను పట్టుకోవడం, ఇవీ ఆ లక్షణాలు. 2,3,7,8-టిసిడిడి (నాలుగు క్లోరిన్లున్న, అన్నిటికన్నా విషపూరితమైన డైఆక్సిన్) చేసే హాని దాదాపు అంతా ఆ రిసెప్టర్ దగ్గరే మొదలవుతుంది. 1976లో ఇటలీలోని సెవెసో ఫ్యాక్టరీ ప్రమాదంలో ఊరి మీద పడింది ఆ టిసిడిడియే. 1997లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చారు. డైఆక్సిన్లు, త్వరగా విరిగిపోని విషాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందంలో మొదటి నుంచీ ఉన్నాయి. ఈ నైట్రోజన్ బంధువుల గురించి మాట్లాడేవాళ్లు మాత్రం చాలా తక్కువ. అందుకే ఈ పని ఎంచుకున్నాను.

తేల్చుకోవాల్సింది ఒకటే: ఇవి ఏ దారుల్లో పుడతాయి?

2వ రోజు

ఎన్ని రకాలుండొచ్చో లెక్కేశాను. కార్బజోల్ చుట్టూ క్లోరిన్ కూర్చోగల చోట్లు 8. ప్రతి చోటా హైడ్రోజనో క్లోరినో ఉండొచ్చు కాబట్టి మొత్తం 256. అయితే బొమ్మను ఎడమ నుంచి కుడికి తిప్పితే చాలా మట్టుకు ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. తిప్పినా మారనివి 16. 256కి 16 కలిపి సగం చేస్తే 136. క్లోరిన్ అసలు లేనిదాన్ని తీసేస్తే 135. క్లోరినేటెడ్ డైబెంజోఫ్యూరాన్లు కూడా సరిగ్గా 135. ఫెనజీన్‌కు ఇదే పద్ధతిలో 75 వచ్చాయి, డైఆక్సిన్లవీ 75. ఆకారం ఒకటే కాబట్టి లెక్కా ఒకటే.

తర్వాత బ్రోమిన్‌ను కూడా కలిపి చూశాను. కార్బజోల్‌కు ఒక్కసారిగా 3320 అయింది. కాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. ఇన్నింటికీ ఒక్కోదానికి స్టాండర్డ్ (పోల్చడానికి వాడే శుద్ధ నమూనా) కొని, మెషీన్‌లో పెట్టి, పోల్చి చూడటం ఎవరివల్లా కాదు. ఏవి పుట్టే అవకాశం ఎక్కువో ముందుగా తెలిస్తేనే వెతకడం కుదురుతుంది. పుట్టే దారులు తెలుసుకోవాలన్నది ఇందుకే.

4వ రోజు

డైఆక్సిన్ పుట్టే పద్ధతి బాగా తెలిసిందే. క్లోరోఫీనాల్ నుంచి ఒక హైడ్రోజన్ ఊడిపోతే ఫినాక్సీ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క, మిగులుతుంది. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదే ఉండిపోదు. రింగులోకి జారి, ఆక్సిజన్ పక్క కార్బన్ల మీదా ఎదురు కార్బన్ మీదా కూడా కనిపిస్తుంది. అలాంటి రాడికల్స్ రెండు ఎదురుపడితే ఏ చోటు ఏ చోటుతో అతుక్కుంటుందన్నదే అసలు ప్రశ్న. ఆక్సిజన్ వెళ్లి పక్క కార్బన్‌కు అతుక్కుంటే డైఆక్సిన్ దారి. కార్బన్-కార్బన్ అతుక్కుంటే ఫ్యూరాన్ దారి, చివర్లో ఒక నీటి అణువు బయటికి పోయి రింగు మూసుకుంటుంది.

ఇప్పుడు ఫీనాల్ బదులు అనిలిన్, అంటే రింగు మీద ఆక్సిజన్ చోట నైట్రోజన్ ఉన్నది. నైట్రోజన్ మీద హైడ్రోజన్లు రెండు ఉంటాయి, ఒకటి ఊడితే అనిలినో రాడికల్. ఇదీ అంతే, ఎలక్ట్రాన్ రింగులోకి జారుతుంది. కానీ కలిసే దారులు ఒకటి ఎక్కువ:

కార్బన్-కార్బన్ అతుక్కుంటే, చివర్లో అమ్మోనియా బయటికి పోయి కార్బజోల్.
నైట్రోజన్-కార్బన్ అతుక్కుంటే, ఆ తర్వాత రెండో నైట్రోజన్ కూడా మూసుకుని డైహైడ్రోఫెనజీన్, అది ఆక్సీకరణం చెంది ఫెనజీన్.
నైట్రోజన్-నైట్రోజన్ అతుక్కుంటే హైడ్రజోబెంజీన్, దాన్నుంచి అజోబెంజీన్.

మూడో దారి ఫీనాల్‌కు అక్కరకు రాదు. ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం బలహీనం, అక్కడ నిలబడేదేమీ లేదు.

ఫీనాల్, అనిలిన్ రెండూ ఒకే చోట ఉంటే ఇంకా చిక్కు. రెండు కార్బన్లూ అతుక్కున్నాక నీరు పోతే కార్బజోల్ మిగులుతుంది, అమ్మోనియా పోతే డైబెంజోఫ్యూరాన్ మిగులుతుంది. మధ్యలో పుట్టిన అణువు ఒకటే! బయటికి ఏది వెళ్లిందో దాన్నిబట్టి లోపల ఏది మిగిలిందో తేలుతుంది. ఈ వాక్యం కింద పెన్నుతో రెండు గీతలు గీశాను.

5వ రోజు

రాడికల్ పుట్టడం ఎంత సులభమో చూశాను. ఫీనాల్‌లో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం తెంచడానికి మోల్‌కు సుమారు 87 కిలోక్యాలరీలు కావాలి. అనిలిన్ నైట్రోజన్-హైడ్రోజన్ బంధానికి సుమారు 90. తేడా చిన్నదే. కానీ రెండూ కలిసి ఉన్న చోట ఫినాక్సీ రాడికల్ వైపే మొగ్గు ఉంటుంది, ఎందుకంటే అనిలినో రాడికల్ ఫీనాల్ నుంచి హైడ్రోజన్ లాక్కుని తిరిగి అనిలిన్ అయిపోవచ్చు. హైడ్రాక్సిల్ రాడికల్ వస్తే మాత్రం ఈ తేడా లెక్కలోకే రాదు. అది హైడ్రోజన్‌ను లాక్కుని నీరవుతుంది, నీటి అణువులోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం బలం 119 దాకా ఉంటుంది కాబట్టి అది రెండింటినీ అంతే సులువుగా తెంచేస్తుంది. మంటల్లో హైడ్రాక్సిల్ రాడికల్‌కు కొదవ ఉండదు.

6వ రోజు

ఈ రోజు చేసిన పని చిన్నదే గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

3,4-డైక్లోరోఅనిలిన్ తీసుకున్నాను. ఇది కేవలం పాఠ్యపుస్తకం అణువు కాదు. ప్రొపానిల్, డయురాన్, లినురాన్ అనే కలుపు మందులు ఈ అనిలిన్ నుంచే తయారవుతాయి, నేలలో విరిగినప్పుడు మళ్లీ దీన్నే వదులుతాయి. పెన్సిల్‌తో రెండు అణువులు గీసి, మూడు దారుల్లోనూ నడిపించాను.

అమైన్ (నైట్రోజన్) ఉన్న కార్బన్‌ను 1 అంటే క్లోరిన్లు 3, 4 మీద ఉంటాయి. 6వ కార్బన్ ఖాళీ. రెండు అణువుల 6వ కార్బన్లనూ కలిపి, అమ్మోనియా తీసేసి రింగు మూశాను. కార్బజోల్ పద్ధతిలో అంకెలు వేసి చూస్తే 2,3,6,7-టెట్రాక్లోరోకార్బజోల్. నాలుగు క్లోరిన్లూ సరిగ్గా పొడవు వైపు చివర్లలో, టిసిడిడిలో ఉన్నట్టే.

తర్వాత ఫెనజీన్ దారి. ఒకదాని నైట్రోజన్ రెండోదాని 6వ కార్బన్‌కు, దాని నైట్రోజన్ దీని 6వ కార్బన్‌కు. అంకెలు వేస్తే 2,3,7,8-టెట్రాక్లోరోఫెనజీన్. మళ్లీ అదే అమరిక!

ఇక నైట్రోజన్-నైట్రోజన్ దారి. అది 3,3',4,4'-టెట్రాక్లోరోఅజోబెంజీన్. ఇది నేను కాగితం మీద ఊహించింది కాదు. ప్రొపానిల్ వేసిన నేలలో డైక్లోరోఅనిలిన్ ఏర్పడి, అది జతకట్టి అజోబెంజీన్ అవుతుందని 1967లోనే బార్థా, ప్రేమర్ చూపించారు. సూక్ష్మజీవుల పెరాక్సిడేజ్ ఎంజైములు చాలు, మంట అక్కర్లేదు. 1976లో అలన్ పోలండ్ అనే శాస్త్రవేత్త బృందం ఈ అజోబెంజీన్ టిసిడిడి తరహాలోనే ఎంజైములను ప్రేరేపిస్తుందని చూపింది. ఫ్యాక్టరీల్లో ఇది ఒంటికి తగిలిన కార్మికులకు ముఖం, మెడ నిండా క్లోరాక్నే (మొటిమల్లాంటి చర్మవ్యాధి) వచ్చింది. మధ్యలో రింగు లేకపోయినా సాగదీసిన ఆకారంలో అది 3 బై 10 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) పెట్టెలో దాదాపు సరిపోతుంది. టిసిడిడి పట్టే పెట్టె అదే.

ఒకే కలుపు మందు అవశేషం. మూడు దారులు. మూడు చోట్లా క్లోరిన్లు ప్రమాదకరమైన మూలల్లోనే. కాగితం మీద దారి ఉన్నంత మాత్రాన అంత మోతాదులో పుడుతుందని కాదు, అది నాకు తెలుసు. అయినా గీసిన మూడు బొమ్మలూ ఒకే ఆకారంలో కనిపిస్తుంటే గుండె కాస్త వేగంగా కొట్టుకుంది.

7వ రోజు

ఈ అనిలిన్‌తో ప్రయోగం చేస్తానని గైడ్ మేడం దగ్గరికి వెళ్లాను. బొమ్మలన్నీ ఓపికగా చూశారు. "నువ్వు చెప్పేది నిజమైతే ఫ్లాస్కులో పుట్టేది ఏమిటో ఆలోచించావా? అది పెట్టుకోవడానికి మన దగ్గర ఏర్పాట్లు లేవు. రింగు మూసుకోవడమే కదా నీకు చూడాల్సింది? హాని లేని అణువులో చూడు" అన్నారు.

ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. వెనక్కి వచ్చి వెతికితే దొరికింది: డైక్లోఫెనాక్, నొప్పి మాత్ర. దాని లోపల రెండు బెంజీన్ రింగులు, మధ్యలో నైట్రోజన్, ఒక రింగు మీద నైట్రోజన్‌కు అటూ ఇటూ రెండు క్లోరిన్లు. వెలుగు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ పోగొట్టుకుని 8-క్లోరోకార్బజోల్-1-ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఇది డైఆక్సిన్ లాంటి విషం అని నేను అనడం లేదు. ఇందులో నాకు కావలసింది ఆ మూసుకునే కదలిక మాత్రమే.

9వ రోజు

డైక్లోఫెనాక్ సోడియం లీటరుకు 100 మిల్లీగ్రాములు, డీఅయనైజ్డ్ నీటిలో. 254 నానోమీటర్ల పాదరసం దీపం కింద గాజు వయల్‌లో పెట్టాను. రెండు గంటలు ఆగాను. ఏమీ జరగలేదు. దీపం పాడైందేమోనని టెన్షన్ పడ్డాను.

తప్పు వయల్‌లో ఉంది. మామూలు బోరోసిలికేట్ గాజు 254ను లోపలికి రానివ్వదు. క్వార్ట్జ్ ట్యూబు అరువు తెచ్చుకుని మళ్లీ పెడితే అరగంటలోనే ద్రవం లేత పసుపు రంగు తిరిగింది. రెండో వయల్‌ను మాత్రం గాజులోనే ఉంచి ఎండలో పెట్టాను. డైక్లోఫెనాక్ 300 నానోమీటర్లు దాటాక కూడా కొంచెం కాంతి పీల్చుకుంటుంది, ఆ కాంతి గాజులోంచి పోతుంది. సాయంత్రానికి అదీ పసుపు తిరిగింది. నది నీటిలో జరిగేదీ ఇదే అన్నమాట.

10వ రోజు

బయటికి పోయిన క్లోరైడ్‌ను కళ్లతో చూడాలనిపించింది. పరీక్ష పాతదే: కొంచెం నైట్రిక్ ఆమ్లం, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్, తెల్లటి మసక వస్తే క్లోరైడ్ ఉన్నట్టు. వెలుగు తగిలిన శాంపిల్‌లో పాలలా తెల్లబడింది. సంతోషంతో మేడంకు ఫొటో పంపాను. తిరుగు మెసేజ్ ఒకే ఒక్క వాక్యం: "చీకట్లో ఉంచినదానితో చేశావా?"

చేస్తే అదీ తెల్లబడింది.

అరగంట తల పట్టుకున్నాక అర్థమైంది. ఆమ్లం పోయగానే డైక్లోఫెనాక్ సోడియం లవణం కాస్తా ఆమ్లరూపంలోకి మారిపోతుంది. దాని పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర ఆమ్లరూపంలోకి మారుతుందో చెప్పే అంకె) 4 దగ్గర, ఆమ్లరూపం నీటిలో దాదాపు కరగదు. నేను చూసిన తెలుపు సిల్వర్ క్లోరైడ్ కాదు, మాత్రలోని మందే పేరుకుంది. సిల్వర్ నైట్రేట్ వేయకముందే ద్రవం మసకబారి ఉండాలి, ఆత్రంలో నేను చూసుకోలేదు.

11వ రోజు

ఈసారి ఆమ్లం పోసి, పది నిమిషాలు ఆగి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ఆ తర్వాత సిల్వర్ నైట్రేట్ వేశాను. చీకటి శాంపిల్ అద్దంలా స్వచ్ఛం. వెలుగు తగిలినదానిలో పొగమంచు లాంటి పలుచటి మసక కొద్దికొద్దిగా కమ్ముకుంది. నిన్నటి పాల తెలుపు కాదు. లెక్క చూస్తే అలాగే ఉండాలి: ఒక్కో అణువు ఒక్క క్లోరైడ్ వదిలితే లీటరుకు 11 మిల్లీగ్రాములే. పీహెచ్ కూడా తగ్గింది. హైడ్రోజన్, క్లోరిన్ రెండూ కలిసి బయటికి వచ్చాయనడానికి అది రెండో ఆధారం.

ఆ మసకను చాలాసేపు చూశాను. ఒక రింగు మూసుకుంటూ వదిలేసిన ముక్క, గ్లాసులో.

12వ రోజు

ఆక్సిజన్ అవసరమా? మామూలు డైఫినైలమైన్‌కు (క్లోరిన్లు లేకుండా, రెండు బెంజీన్ రింగుల మధ్య నైట్రోజన్ ఉన్నది) వెలుగు తగిలితే ముందు డైహైడ్రోకార్బజోల్ ఏర్పడి, ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్ రెండు హైడ్రోజన్లను తీసుకుపోతేనే కార్బజోల్ అవుతుంది. డైక్లోఫెనాక్‌కు ఆ సాయం అక్కర్లేదు, హైడ్రోజన్ క్లోరైడ్‌ను తనే విదిలించుకుంటుంది. అందుకని నైట్రోజన్ వాయువును ఇరవై నిమిషాలు బుడగలుగా పంపి, మూత బిగించి, దీపం కింద పెట్టాను. మసక వచ్చింది.

అడుగున ఆక్సిజన్ లేని బురద నీళ్లలో కూడా, వెలుగు చేరితే చాలు, ఇలాంటి రింగు మూసుకోగలదు.

15వ రోజు

అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండు గంటల సమయం దొరికింది. నెగెటివ్ మోడ్, అంటే అణువు ఒక హైడ్రోజన్ అయాన్‌ను పోగొట్టుకుని 1 తక్కువ బరువుతో కనిపిస్తుంది.

చీకటి శాంపిల్‌లో 294, 296, 298. ఎత్తులు దాదాపు 9:6:1. రెండు క్లోరిన్లున్న అణువు సంతకం అది. ప్రకృతిలో క్లోరిన్ 35, 37 అని రెండు బరువుల్లో, ఇంచుమించు 3:1గా ఉంటుంది కాబట్టి ఇలా వస్తుంది. వెలుగు శాంపిల్‌లో 258, 260 కనిపించాయి, 3:1. ఒక్క క్లోరిన్. 294 నుంచి 258కి తేడా 36, హైడ్రోజన్ క్లోరైడ్ బరువు. ఎక్కువసేపు వెలుగులో ఉంచినదాంట్లో 240, 224 కూడా ఉన్నాయి. మిగిలిన క్లోరిన్ చోట ఒకదాంట్లో హైడ్రాక్సిల్, ఒకదాంట్లో హైడ్రోజన్ వచ్చినట్టు.

కానీ ఒక విషయం కలవరపెట్టింది. చీకటి శాంపిల్‌లోనూ 214 ఉంది. 294 లోంచి కార్బన్ డయాక్సైడ్ పోతే 250, దాన్నుంచి 36 పోతే 214. అంటే చీకట్లోనే రింగు మూసుకుందా?

క్రోమటోగ్రామ్ (కాలమ్ నుంచి ఏది ఎప్పుడు బయటికి వచ్చిందో చూపే గీత) మళ్లీ తెరిచి చూశాను. ఆ 214 బయటికి వచ్చిన సమయం డైక్లోఫెనాక్ బయటికి వచ్చిన సమయమే, సెకను తేడా లేదు. అది శాంపిల్‌లో పుట్టలేదు, మెషీన్ లోపల అయాన్లు గుద్దుకున్నప్పుడు పుట్టింది. 258 మాత్రం వేరే సమయంలో, విడిగా వచ్చింది. అదే అసలైనది. కాలమ్ లేకుండా నేరుగా మెషీన్‌లోకి పంపి ఉంటే చీకటి శాంపిల్ గురించి తప్పు రాసేదాన్ని.

16వ రోజు

అదే ఊపులో 6వ రోజు బొమ్మల బరువులు కూడా వేశాను. టిసిడిడి 320, టెట్రాక్లోరోడైబెంజోఫ్యూరాన్ 304. నా నైట్రోజన్ అణువులు: టెట్రాక్లోరోకార్బజోల్ 303, టెట్రాక్లోరోఫెనజీన్ 316, అజోబెంజీన్ 318. నైట్రోజన్లు బేసి సంఖ్యలో ఉంటే అణువు బరువు బేసి అవుతుంది, అందుకే 303.

డైఆక్సిన్ పరీక్షలో మెషీన్‌కు ముందే కొన్ని ఖచ్చితమైన బరువులు చెప్పి, వాటినే చూడమంటారు. నా అణువుల ఖచ్చితమైన బరువులు ఆ జాబితాలో ఉండవు కాబట్టి శాంపిల్‌లో ఉన్నా రిపోర్టులో సున్నా. ఇది నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికన్నా బాధ కలిగించిన సంగతి.

19వ రోజు

ఇంకో దారి మిగిలింది: రింగు ముందే మూసుకుని ఉన్న కార్బజోల్‌కు తర్వాత హాలోజన్ (క్లోరిన్, బ్రోమిన్ లాంటిది) చేరడం. ఇక్కడ క్లోరిన్ తనకు నచ్చిన చోట కూర్చోదు. నైట్రోజన్ ఎలక్ట్రాన్లను ఎక్కడికి నెడితే అక్కడికే వెళ్తుంది: ముందు నైట్రోజన్‌కు ఎదురుగా ఉన్న 3, 6 చోట్లు, ఆ తర్వాత పక్కనున్న 1, 8. నేలల్లో 3,6-డైక్లోరోకార్బజోల్, మిషిగన్ సరస్సు అడుగు బురదలో 2005లో గుర్తించిన 1,3,6,8-టెట్రాబ్రోమోకార్బజోల్ ఈ అమరికకు సరిగ్గా సరిపోతాయి. క్లోరోపెరాక్సిడేజ్ అనే శిలీంధ్రపు ఎంజైమ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, కాస్త బ్రోమైడ్ ఉంటే గది వేడిలోనే ఇది జరిగిపోతుంది. హాలోజనేటెడ్ ఇండిగో రంగుల తయారీ కూడా ఈ కార్బజోల్స్‌కు ఒక మూలమని చెబుతారు.

దీన్నిబట్టి ఒక పట్టిక వేశాను. శాంపిల్‌లో 3,6 లేదా 1,3,6,8 కనిపిస్తే, తయారైన కార్బజోల్‌కు తర్వాత హాలోజన్ చేరి ఉండొచ్చు. 2,3,6,7 కనిపిస్తే క్లోరోఅనిలిన్లు జతకట్టి ఉండొచ్చు, ఎందుకంటే ఆ క్లోరిన్లు అనిలిన్ నుంచే వచ్చాయి, నైట్రోజన్ చెప్పిన చోటికి వచ్చినవి కావు. అడ్రస్ చూస్తే ఏ ఊరి నుంచి వచ్చారో తెలిసినట్టు. మేడం పట్టిక చూసి "కావచ్చు" అని రాసినవన్నీ అలాగే ఉంచమన్నారు, ఒక్కటి కూడా "కచ్చితంగా" అని మార్చొద్దన్నారు.

22వ రోజు

మామూలు కార్బజోల్‌ను ఎసిటోనైట్రైల్‌లో కరిగించి, బాగా పలుచన చేసి, ఫ్లోరిమీటర్‌లో పెట్టాను. 290 దగ్గర వెలుగు వేస్తే 350 చుట్టుపక్కల గట్టి ఉద్గారం వచ్చింది. తర్వాత డైక్లోఫెనాక్. చీకటి శాంపిల్ దాదాపు గుడ్డిగా ఉంది, వెలుగు శాంపిల్ మెరిసింది. ఐదేసి నిమిషాలకోసారి తీసిన శాంపిల్స్ అన్నీ వరుసగా పెట్టి గీత గీస్తే ముందు పైకి ఎక్కింది, ఒక చోట ఆగింది, ఆ తర్వాత మెల్లగా దిగింది. పుట్టిన కార్బజోల్ కూడా అదే వెలుగులో కరిగిపోతోంది. 15వ రోజు చూసిన 240, 224 ఇక్కడికి వచ్చి కలిశాయి.

23వ రోజు

వెలుగు శాంపిల్స్ ఆరు, చీకటివి ఆరు, నైట్రోజన్ బుడగలు పంపినవి మూడు. అన్నీ ముదురు గోధుమ రంగు వయల్స్‌లో పోసి, రేకు చుట్టి, తేదీలు రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. గోధుమ రంగు ఎందుకంటే, బెంచి మీద కిటికీ పక్కన ఒక గంట ఉంచినా అక్కడే ఇంకో రింగు మూసుకుంటుంది. సోమవారం నుంచి బ్రోమైడ్ కలిపిన సెట్టు మొదలు, ఈసారి ఖాళీ శాంపిల్‌కే ముందు ఆమ్లం పోస్తాను.